మూత్రపిండము మార్చిన పిదప

మా వీథిలో ఎవరి యింటికి ఇంగ్లీషు కాగితము వచ్చినను దానిని నాయొద్దకు తెచ్చి చదివించుకొనుట వాడుక. బ్యాంకి నోటీసులు, ఇన్సూరెన్సు ఉత్తరములు, పట్టణములందలి పిల్లల నియామకపత్రములు, ఇట్టివి ఎన్నియో చదివి చెప్పితిని. క్రిందటి సంవత్సరము కార్తికమాసమున నొక సాయంకాలము పొరుగింటి యిల్లాలొకతె ఆసుపత్రి కాగితముల కట్టతో వచ్చెను. ఆమె భర్తకు మూత్రపిండములు రెండును చెడిపోగా, తన రెంటిలో నొకదాని నామె యిచ్చి యప్పటికి ఎనిమిది మాసములైనది. కాగితముపై తొమ్మిది మందుల పేర్లు, మింగవలసిన వేళలు, మోతాదులు నుండెను.

"మాస్టారూ! ఆపరేషను బాగా జరిగిందన్నారు, కిడ్నీ చక్కగా పనిచేస్తోందన్నారు. మరి ఈ మాత్రలింకా ఎన్నాళ్లు మింగాలండీ? మావారు ఇక చాలు, మానేస్తానంటున్నారు" అని యడిగెను.

కాగితమంతయు చదివి, "బ్రతికినన్నాళ్లూ మింగవలసిందేనమ్మా" అని చెప్పితిని.

ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయితే నేనిచ్చింది ఆయన ఒంటికి ఇంకా పరాయిదేనన్న మాట" అనెను.

ఆ మాటకు నేనప్పుడు సరియైన సమాధానము చెప్పజాలకపోతిని. ఆమె యడిగిన ప్రశ్ననే శస్త్రవైద్యులును, జంతుశాస్త్రజ్ఞులును, రసాయనశాస్త్రజ్ఞులును నూటయిరువది యేండ్లుగా నడుగుచున్నారు. మూత్రపిండమును మార్చుట యెట్లు సాధ్యమైనదను కథ పత్రికలలో తఱచుగా వచ్చుచునే యున్నది. మార్చిన తరువాత మనుష్యునికేమగునను కథ యంతగా రాదు. చరిత్రను చూడబోయిన నీ రెండవ కథయే పెద్దది.

మన పూర్వులకు మూత్రపిండములు తెలియకపోలేదు. సంస్కృత వైద్యగ్రంథములలో వానికి వృక్కములని పేరు. కాని మూత్రము తయారగుట వృక్కములలోననుట వారికి తెలియదు. శార్ఙ్గధరుడు వానిని కడుపునందలి మేదస్సును పోషించునవిగా చెప్పెను. గజాననుని కథను చూపి అవయవముల మార్పిడి మనకు ప్రాచీనకాలముననే యున్నదని సభలలో చెప్పువారు కలరు. అది పురాణము, దానిని పురాణముగానే గౌరవింతము. మన దేశమున నిజముగా జరిగిన గొప్పపని వేఱొకటి కలదు. తెగిన ముక్కును మరల కట్టు విధానమును సుశ్రుతసంహిత వివరించినది. అది చెక్కిలి మాంసముతో కట్టినది. ఆ చెక్కిలి ముక్కు తెగినవానిదే. ఈ చిన్న విషయమునందే రహస్యమంతయు నున్నది. 1597లో ఇటలీ దేశపు తాల్యాకోజ్జి యను వైద్యుడు ముక్కులు కట్టుటనుగూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఒకని చర్మము నింకొకనికి అతికింపరాదా యను ప్రశ్న యతనికిని తోచినది. ప్రతిమనుష్యునకును తనదే యగు వ్యక్తిత్వబలమొకటి యుండుటచేత నది కుదురదని యాతడు వ్రాసెను. ఎట్లు కనిపెట్టెనో కాని, మూడువందల యేండ్ల తరువాత వచ్చినవా రాతని మాటను మఱచి మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చెను.

వారికి ధైర్యము కలిగించినది సూది, దారము. 1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు కార్నో లియాన్ నగరమున నొక హంతకుని కత్తిపోటుచే మరణించెను. తెగిన పెద్ద రక్తనాళమును కుట్టగల వైద్యుడానాడు లేడు. ఆ నగరముననే వైద్యవిద్యార్థిగా నున్న అలెక్సిస్ కారెల్ దీనినిగూర్చి పట్టుదల వహించెను. పట్టుగుడ్డలకు పేరుపొందిన యా యూర నొక కుట్టుపనివారామెయొద్ద సన్ననిసూదితో కుట్టుటను నేర్చుకొనెనని ప్రతీతి. 1902లో నాళములను నెత్తురు కారకుండ, గడ్డకట్టకుండ అతుకు పద్ధతిని ప్రకటించి, 1912లో నోబెల్ బహుమానమును పొందెను. మూత్రపిండమునకు కావలసిన యతుకులు మూడే: రక్తము పోవు నాళము, వచ్చు నాళము, మూత్రము దిగు గొట్టము. కారెల్ కుక్కలలో వీనిని కుట్టి చూచెను. ఒక కుక్క పిండమునే తీసి ఆ కుక్కకే వేఱొక చోట నతికించిన నది పనిచేసెను. ఇంకొక కుక్కది యతికించిన కొన్నిదినములకే చెడిపోయెను. కుట్టులో దోషము లేదు. దోషమెక్కడనో ఆతనికి తెలియలేదు.

మనుష్యులలో జరిగిన తొలిప్రయత్నముల కథ విషాదకరము. 1906లో లియాన్ నందే జబూలే యను వైద్యుడు పందిదియు, మేకదియు నగు పిండములను ఇద్దఱు రోగులకు అతికించెను, రెండును నిలువలేదు. 1933లో నేటి యుక్రెయిన్ దేశమునందలి ఖెర్సోన్ పట్టణమున వొరొనోయ్ అను శస్త్రవైద్యుడు, పాదరసవిషమును మింగిన యొక యిరువదియాఱేండ్ల స్త్రీకి, మృతుడైన యఱువదేండ్ల పురుషుని మూత్రపిండమును తొడయందతికించెను. మనుష్యునినుండి మనుష్యునికి జరిగిన మొదటి మార్పిడి యిదియే. ఇచ్చినవాని రక్తము ఒకజాతి, పుచ్చుకొన్నామెది వేఱొకజాతి. నేడు ఏ చిన్న ఆసుపత్రిలోనైనను రక్తమెక్కింపబోవునప్పుడు మొదట చూచునది యదియే. ఆమె రెండుదినములకు మరణించెను.

ఏల యిట్లగునో తెలుపుటకు యుద్ధము రావలసివచ్చెను. 1940లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డులో పీటర్ మెడవార్ అను యువ జంతుశాస్త్రజ్ఞుని యింటిసమీపమున నొక విమానము కూలెను. అందులో కాలిన సైనికుని చూచి, చర్మమునతికించుటనుగూర్చి యాలోచన సాగించెను. పిమ్మట గ్లాస్గో నగరపు ఆసుపత్రిలో థామస్ గిబ్సన్ అను శస్త్రవైద్యునితో కలసి, ఒళ్లుకాలిన యొక యువతికి ఆమె సోదరుని చర్మపుముక్కల నతికించి దినదినము పరీక్షించెను. మొదటితూరి యవి కొన్నినాళ్లుండి ఊడిపోయెను. రెండవతూరి అదే సోదరుని చర్మమును పెట్టగా మఱింత శీఘ్రముగా చెడెను. ఇందుమీద వారు చేసిన నిర్ణయము 1943లో ప్రకటితమైనది. శరీరము పరాయిదానిని గుర్తించుటయేగాక, ఒకతూరి గుర్తించినదానిని జ్ఞాపకముంచుకొనును. మశూచి వచ్చి తగ్గినవానికి మరల రాకుండ కాపాడు శక్తియు, సోదరుని చర్మమును తోసివేసిన శక్తియు నొక్కటియే. అది శత్రువని, తోబుట్టువని భేదము చూడదు. తనది యగునా కాదా, ఇంతమాత్రమే చూచును. వైద్యులు దీనికి తిరస్కారమని పేరుపెట్టిరి.

ఈ సత్యము పుస్తకములలో నుండగానే 1952లో పారిసు నగరమున నెకెర్ ఆసుపత్రికి ఒక పదునాఱేండ్ల వడ్రంగి కుఱ్ఱవాడు వచ్చెను. ఎత్తునుండి పడుటచే మూత్రపిండము చిదికి, దానిని తీసివేసినమీదట ఆతనికి పుట్టుకతోనే యున్నదొక్కటియేయని తెలిసెను. తల్లి తనది తీసికొనుడని వేడుకొనెను. ఝా హాంబుర్జే యను వైద్యుని పర్యవేక్షణలో క్రిస్టమసు పండుగనాటి రాత్రి శస్త్రక్రియ జరిగెను. మూడువారములు తల్లి మూత్రపిండము కొడుకునందు చక్కగా పనిచేసెను. పిమ్మట నొక్కసారిగా నిలిచిపోయెను. ఆనాటికి కృత్రిమ మూత్రపిండయంత్రము హాలెండున వెలసియున్నను పారిసులో ఆ బాలునకందలేదు. తల్లి యిచ్చినదానినైనను శరీరము పరాయిదిగానే చూచెనని లోకమునకంతకును తెలిసినది ఆ జనవరిమాసముననే. మా పొరుగింటి యిల్లాలికి నేను చెప్పవలసిన సమాధానములో సగమిది.

తిరస్కారము లేని మార్పిడి యొక్కవిధముననే సాధ్యము: ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే యండమునుండి జనించిన కవలలు కావలెను. అమెరికాలో బోస్టను నగరపు బ్రిగ్‌హామ్ ఆసుపత్రికి 1954లో అట్టి కవలలే వచ్చిరి, రిచర్డ్ హెరిక్, రోనాల్డ్ హెరిక్ అను నిరువదిమూడేండ్ల యువకులు. రిచర్డు మూత్రపిండములు వాపువ్యాధిచే చెడియుండెను. వైద్యులు తొందరపడలేదు. ఒకని చర్మపుముక్క నింకొకని కతికించి నెలదినములు చూచిరి. పోలీసుస్టేషనుకు పంపి వ్రేలిముద్రలు వేయించిరి. అన్నిటికంటె క్లిష్టమైన ప్రశ్న వైద్యమునకు సంబంధించినది కాదు. ఆరోగ్యవంతుని శరీరమునుండి, ఆతనికేమియు నుపకారము లేకుండ, ఒక యవయవమును కోసితీయుట న్యాయమా? వారు మతాచార్యులను, న్యాయవాదులను సంప్రదించిరి. శస్త్రక్రియకు ముందు రోనాల్డు వైద్యులనొక మాట యడిగెను: తన జీవితకాలమంతయు తన యారోగ్యమునకు ఆసుపత్రివారు బాధ్యులై యుందురా యని. ఈ ప్రశ్నను జ్ఞాపకముంచుకొనుడు.

డిసెంబరు 23వ తేదీన జోసెఫ్ మర్రే పిండము నతికించెను. అది వెంటనే పనిచేసెను. రిచర్డు కోలుకొని, తనకు పరిచర్యచేసిన నర్సునే పెండ్లాడి, ఇద్దఱు బిడ్డలకు తండ్రి యయ్యెను. మర్రేకు 1990లో నోబెల్ బహుమానము వచ్చెను. కథ యింతతో ముగించుట వాడుక. కాని రిచర్డు ఎనిమిదేండ్లకు, 1963లో మరణించెను. తన మూత్రపిండములను చెఱచిన యా వ్యాధియే సోదరుని మూత్రపిండమును కూడ పట్టుకొనెను. పిండము మారినదేగాని, దానిని చెఱచిన కారణము శరీరమునందే యుండిపోయెను. మార్పిడియైన వారిలో మూలవ్యాధి మరలవచ్చుట యను నుపద్రవమిట్లు తొలి విజయముతోడనే పుట్టినది. సోదరునికిచ్చిన రోనాల్డు 2010 వఱకు జీవించెను.

కవలలు లేనివారి గతియేమి? శరీరపు కావలివానిని నిద్రపుచ్చవలెనని తోచి, బోస్టనులోను పారిసులోను 1958 ప్రాంతమునుండి రోగి యొడలంతటికి ఎక్సురేలను ప్రసరింపజేసిరి. కావలివాడు నిద్రించెను, ఇంట దొంగలు పడిరి. సామాన్యమైన సూక్ష్మజీవులు, నోట బూజులు, మనబోటివారికి జలుబైనను కలిగింపనివి, ఆ రోగులను చంపెను. బోస్టనులో నిట్లు చికిత్స పొందినవారిలో చాలకాలము బ్రతికినవాడు ఒక్కడే; ఆతనికి 1959లో వేఱుపోలికగల కవలసోదరుడే యిచ్చెను. ఇచ్చట చరిత్ర యొక మలుపు తిరిగినది. అంతవఱకు రోగి మూత్రపిండము చెడి చచ్చుచుండెను. అప్పటినుండి, పిండము బ్రతికియుండగా రోగి చచ్చుట యను విపరీతము మొదలయ్యెను.

ఎక్సురేలకు బదులు మందు వచ్చినది. ఈ మందుల వంశమునకు మూలపురుషులలో మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావును తలచుట తప్పు కాదు. ఆతని ప్రయోగశాలనుండి వెలువడిన ఫోలికామ్ల వ్యతిరేకౌషధము 1948లో పిల్లల రక్తకాన్సరును తాత్కాలికముగానైనను లొంగదీసి, కణముల పెరుగుదలను రసాయనముచే నాపవచ్చునని చూపెను. అదే త్రోవలో, అమెరికాలోనే వేఱొక కంపెనీయందు జార్జి హిచ్చింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ అనువారు వేఱు మందులను కల్పించుచుండిరి. ఎలియన్ స్త్రీ యగుటచేత ఏ ప్రయోగశాలయందును చేర్చుకొనక, కొంతకాలము ఉన్నతపాఠశాలలో రసాయనశాస్త్రము బోధించి పొట్టపోసికొన్నది. ఉపాధ్యాయవృత్తిలో నున్న నాకు ఈ విషయము సంతోషమును సిగ్గును గూడ కలిగించును. వారి మందొకటి కుందేళ్ళలో పరాయి పదార్థములపై తిరస్కారము నడచునని 1959లో తెలిసెను. 1960లో లండనులో రాయ్ కాన్ కుక్కలలో దానిని పరీక్షించెను. దానికంటె మెఱుగైన అజాథయోప్రిన్ 1962లో బోస్టనులో మృతుని మూత్రపిండమును పుచ్చుకొన్న యొక రోగియందు ఏడాదికిమించి పనిచేసెను. ఎలియన్, హిచ్చింగ్స్ లకు 1988లో నోబెల్ బహుమానము వచ్చెను. ఎలియన్ డాక్టరు పట్టము లేకయే దానిని పొందెను.

డెన్వరు నగరమున థామస్ స్టార్జల్ ఇంకొక యడుగు వేసెను. అజాథయోప్రిన్ తో కూడ ప్రెడ్నిసోన్ అను స్టెరాయిడు మందును మిక్కుటముగా నిచ్చిన, మొదలైన తిరస్కారము గూడ వెనుకకు మరలునని 1963లో ప్రకటించెను. ఈ వార్తతో ఏడాది తిరుగకముందే పాశ్చాత్యదేశములలో పెక్కు ఆసుపత్రులు ఈ పనికి పూనుకొనెను.

ఆనాటి రోగుల ముఖములు చంద్రబింబములవలె గుండ్రముగా నుండెడివట. సౌందర్యమువలన కాదు, స్టెరాయిడువలన. ఆ మందు తుంటియెముక తలకు రక్తమందకుండ జేసి ముప్పదియేండ్లవానిని ముసలివానివలె కుంటించెను. కంటిలో శుక్లములు, మధుమేహము, మానని గాయములు, పిల్లలలో పెరుగని యెత్తు. ఊపిరితిత్తులలో నొక విచిత్రమైన వాపు వచ్చి చంపుచుండగా, దానికి కారణమైన సూక్ష్మజీవులను ఒక్కొక్కదానినే వైద్యులు గుర్తింపసాగిరి. వానిలో సైటోమెగలో యను వైరసు ముఖ్యము. మనలో పెక్కండ్రకు చిన్ననాడే యది సోకి, ఒడలిలో నెక్కడనో పడుకొనియుండును. ఇచ్చినవాని పిండముతో పాటు పుచ్చుకొన్నవాని యొడలికి పోయి అచ్చట మేలుకొనును. 1971లో లండనులో సూడాను దేశపు రోగియొకని మూత్రములో నొక కొత్త వైరసు కనబడెను. ఆతని పేరులోని పొడియక్షరములనే దానికి పెట్టి బి.కె. వైరసనిరి. ఇరువదియేండ్లు దానినెవరును లక్ష్యపెట్టలేదు. మందులు బలమైన కొలది, 1990 తరువాత, అది మార్చిన మూత్రపిండమునే తినివేయుచున్నదని బయటపడెను. నిరోధమును పెంచిన నొక కీడు, తగ్గించిన నింకొక కీడు.

అన్నిటికంటె భయంకరమైన ఫలమును ఎవరును ముందుగా నూహింపలేదు. మార్పిడియైన యువకులకు కాన్సరు వచ్చుచున్నదని 1960 దశాబ్ది చివర డెన్వరులో ఇజ్రేల్ పెన్ అను శస్త్రవైద్యుడు గమనించి, ప్రపంచమందలి అట్టి రోగుల వృత్తాంతములనన్నిటిని ఒకచోట చేర్చు పట్టిక నారంభించెను. ఎక్కువగా రక్తగ్రంథులకు, చర్మమునకు, పెదవికి కాన్సరు వచ్చుచుండెను. తెల్లచర్మమువారు మండుటెండలో తిరుగు ఆస్ట్రేలియాలో చర్మపుకాన్సరు మఱియు నధికము. ఈ సందర్భమున 1968లో బోస్టను వైద్యులు ప్రకటించిన యొక వృత్తాంతమును చెప్పకుండ ఉండలేను. కాన్సరుతో మరణించినవాని మూత్రపిండమును, అందులో కాన్సరుకణములున్నవని తెలియక, ఒక రోగికి పెట్టిరి. ఆ కాన్సరు రోగియందు పెరిగెను. వైద్యులు ఆ పిండమును తీసివేసి, మందులన్నింటిని ఆపివేసిరి. కావలివాడు మేలుకొనెను, పరాయివాని కాన్సరు గూడ పరాయిదే గదా, దానినెల్ల వెడలగొట్టెను. మనకు ప్రతిబంధకమని తలచిన శక్తియే దినదినము మనయందు పుట్టు దుష్టకణములను తుదముట్టించుచున్నదని యీ రోగి వలన తెలిసినంత స్పష్టముగా ఏ గ్రంథమువలనను తెలియలేదు.

ఇక నొక యుపద్రవమును మాత్రము పూర్తిగా జయించిరి. కొందఱు రోగులలో నతికించిన పిండము శస్త్రక్రియబల్లమీదనే నిమిషములలో నీలివర్ణమై చచ్చెడిది. పూర్వము రక్తమెక్కించుకొన్నవారును, కాన్పులైన స్త్రీలును, ఇతరుల కణములకు విరుద్ధమైన ప్రతిరక్షకములను రక్తములో ముందే దాచియుంచుకొనుట యిందుకు కారణము. లాస్ ఏంజెలెస్ నగరపు పాల్ టెరసాకి, యుద్ధకాలమున జపానుజాతివాడను కారణముచేత బాల్యమున నిర్బంధశిబిరమున నుంచబడినవాడు, రక్తపుబొట్టుతో దీనిని ముందే తెలిసికొను పరీక్షను 1964లో కల్పించెను. 1969లో ఆతడును పటేల్ అను వైద్యుడును కలసి ప్రకటించిన లెక్కలతో, ఆ పరీక్ష చేయక పిండమును మార్చుట మానిరి.

తరువాతి యౌషధములు మట్టినుండి వచ్చినవి. స్విట్జర్లండున బాసెల్ పట్టణపు సాండోజు కంపెనీవారు, నార్వే పీఠభూమినుండి తెచ్చిన మట్టిలోని బూజునుండి తీసిన పదార్థము తిరస్కారమును మాత్రమే యడచి, ఎముకమూలుగును చంపకుండుటను 1972లో కనుగొనిరి. దానిపేరు సైక్లోస్పోరిన్. రాయ్ కాన్ కేంబ్రిడ్జిలో 1978లో రోగులకిచ్చెను. మృతుల పిండములు ఏడాది దాటుట అంతకుముందు సగపాలు మాత్రముండగా, ఈ మందుతో నూటికెనుబదివఱకు పెరిగెను. అయితే జంతువులలో కనబడని దోషమొకటి మనుష్యులలో కనబడెను: ఈ మందు మూత్రపిండమునే చెఱచును! మూత్రపిండమును కాపాడుట కిచ్చినది మూత్రపిండమునకు విషము. రక్తములో మలినము పెరిగినపుడు అది తిరస్కారముచేతనా, మందుచేతనా యని నిర్ణయింపలేక, ఒకదానికి మందు పెంచవలెను, ఇంకొకదానికి తగ్గించవలెను, వైద్యులు చిన్నసూదితో పిండమునుండి తునుక తీసి చూడవలసివచ్చెను. మందును రక్తములో కొలిచి చూచుకొనుచు నిచ్చు పద్ధతి యిట్లు స్థిరపడెను. 1984లో జపానునందలి త్సుకుబా పర్వతప్రాంతపు మట్టినుండి టాక్రోలిమస్ వచ్చెను. నేడు ప్రపంచమున పెక్కురకు నిదియే ముఖ్యౌషధము. మధుమేహమును తెచ్చుట, చేతులు వణకించుట దీని గుణములు. ఈస్టరుదీవి మట్టినుండి వచ్చిన సిరోలిమస్ ను వెలికితీసినవాడు నేటి పాకిస్తానులోని ఖుషాబ్ లో జన్మించిన సురేంద్రనాథ సేహ్‌గల్. ఆతని కంపెనీ యా పనిని మాన్పించగా, ఆ సూక్ష్మజీవిని తన యింటి శీతలపేటికలో దాచియుంచి, కొన్నియేండ్లు గడచినపిమ్మట మరల పని సాగించెను. 1999లో అది మందుగా నంగీకృతమైనది. గాయములు మానకుండుట దానికున్న దోషము. దోషములేని మందింతవఱకు రాలేదు.

మన దేశమున 1965లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదటి మార్పిడి జరిగెను, రోగి నిలువలేదు. 1971లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో తొలివిజయము లభించెను. చిత్తూరుజిల్లావారికి పొరుగూరగు నా వేలూరుకు మన తెలుగువారెందఱో నాటినుండి పోవుచునే యున్నారు. అవయవముల క్రయవిక్రయములను నిషేధించు శాసనము 1994లో వచ్చెను. మృతులనుండి గ్రహించు జీవన్‌దాన్ పథకమును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2013లో నారంభించెను. శ్రీకాకుళముజిల్లా ఉద్దానము గ్రామములలో కారణము నేటికిని తేలని మూత్రపిండవ్యాధి యెన్ని కుటుంబములను కూల్చినదో పత్రికలు చదువువారెఱుగుదురు.

పాశ్చాత్యుల పుస్తకములలో నంతగా లేని యుపద్రవము మనకొకటి కలదు, క్షయ. మనలో ననేకుల ఊపిరితిత్తులలో క్షయక్రిమి బాల్యమునుండి నిద్రాణముగా నుండును. నిరోధశక్తిని మందులడచగానే యది లేచును. మన దేశపు కొన్ని యాసుపత్రుల లెక్కలలో మార్పిడియైనవారిలో నూటికి పదిమందికి పైగా క్షయ సోకినది. దీనిలో చిక్కేమనగా, క్షయకు ప్రధానౌషధమగు రిఫాంపిసిన్ కాలేయమును పురికొల్పి, టాక్రోలిమస్ ను, సైక్లోస్పోరిన్ ను రక్తమునుండి త్వరగా తుడిచివేయును. క్షయ తగ్గుచుండగా తిరస్కారము వచ్చును. అందుచేత నెవరో చెప్పిరని క్షయమాత్రలను పైవైద్యునికి తెలుపక మ్రింగుట ప్రాణాపాయము. దీనికి విరుద్ధముగా పంపరపనస తిన్నచో ఆ మందులే రక్తములో మితిమీఱి పెరుగును. పథ్యమని పండ్లు పెట్టు మన యిండ్లలో నిది తెలిసియుండవలెను. ఆకుపసరులు, పేరుతెలియని చూర్ణములు వీనినిగూర్చి వేఱే చెప్పనక్కఱలేదు. వంశమునకు ఫలానా వైద్యుడున్నాడని యభిమానముతో తెచ్చియిచ్చు బంధువులే యిందులో మొదటి శత్రువులు.

స్త్రీలకొక మాట. మార్పిడియైనంతమాత్రమున మాతృత్వము పోదు. కవలసోదరినుండి పిండమును పొందిన యొక అమెరికా యువతి 1958లోనే బిడ్డను కనెను. అయితే మైకోఫినోలేట్ అను మందు గర్భస్థశిశువును వికలముచేయును గావున, గర్భధారణకు ముందే వైద్యుడు దానిని మార్చవలెను. కోడలు కన్నదా లేదా యని తొందరపెట్టు అత్తగారు లోకమున నెందఱు లేరు! వారికీ సంగతి చెప్పువారెవరు?

ఇచ్చువారినిగూర్చి గూడ. మన దేశమున బ్రతికియుండి మూత్రపిండమునిచ్చువారిలో స్త్రీలే యెక్కువ, పుచ్చుకొనువారిలో పురుషులే యెక్కువ. ఇది ప్రేమయని కొందఱు, సంపాదించువాడు బ్రతుకవలె నను లెక్కయని కొందఱు. నాకు తోచినంతలో రెండును కలిసి యుండును. కాని తల్లి, భార్య, అక్క, వీరిని అడుగుటకు సంకోచింపని నాలుక తండ్రిని, భర్తను, తమ్ముని అడుగుటకు సంకోచించుట నేను చూచితిని.

నేటికి తొలియేటి గండము చాలవఱకు గడచినట్లే. మంచియాసుపత్రులలో నూటికి తొంబదికిపైగా పిండములు ఏడాది దాటుచున్నవి. తరువాత మెల్లమెల్లగా చెడుట మాత్రమాగలేదు. పిండము పనిచేయుచుండగనే మరణించువారిలో ననేకులు గుండెజబ్బుచే మరణించుచున్నారు. రక్తపుపోటు, మధుమేహము, క్రొవ్వు, వీనిలో కొంత పాతవ్యాధివలన, కొంత మందులవలన. మఱియు తిరస్కారమునకు నొప్పి యుండదు. మందు మానిన మరునాడు మనుష్యుడు హాయిగా తిరుగును. కడుపులో మంట తగ్గినదని సంతోషించును. రక్తపరీక్షలో తెలియునప్పటికి పిండములో సగము మచ్చకట్టియుండును. మందుల ధరచేత మానువారొక తెగ, ఇంక బాగుగా నున్నానని మానువారొక తెగ. రెండవ తెగవారిపైననే నాకు కోపము.

మందులు లేకుండ శరీరము నొప్పింపవచ్చునా? పుట్టకముందే పరాయికణములను పొందిన యెలుకలు ఆ పరాయి చర్మమును తిరస్కరింపవని మెడవార్, ఆతని శిష్యులు 1953లో చూపిరి. 2008లో బోస్టను వైద్యులు మూత్రపిండముతో పాటు దాత ఎముకమూలుగును గూడ నిచ్చి, ఐదుగురిలో నలుగురిని మందులు లేకుండ నుంచగలిగిరి. ఇది యింకను కొద్దిమందికే, మిక్కిలి కష్టముతో, సాధ్యము.

ఈ చరిత్రనంతయు నా యిల్లాలికి ఒకనాడు తీరుబాటున చెప్పితిని. కథ వినినట్లు వినెను. పారిసు తల్లికథ వద్ద కండ్లు తుడుచుకొనెను. "ఆయనకి చెప్తాను" అని లేచుచుండగా, రోనాల్డు ప్రశ్న జ్ఞాపకమువచ్చి, "మరి మీరు మీ బీపీ చూపించుకొన్నారా అమ్మా? మూత్రం, రక్తం పరీక్ష ఏడాదికోసారి చేయించుకోవాలని ఈ కాగితంలో మీకూ రాశారు" అని యడిగితిని.

"నాకేంటండీ, నేను బాగానే ఉన్నాను. ఆయన వెంట వెళ్లినప్పుడు నన్నెవరూ అడగలేదు" అనెను.

కాగితమును తిప్పి ఆ పంక్తిని చూపించితిని. ఆమె కొడుకు లెక్కలపుస్తకమునుండి నడిమి రెండుపుటలు చించి తెచ్చెను. తొమ్మిది మందుల పేర్లను తెలుగులిపిలో వ్రాసి, ఎదుట ఉదయము, సాయంకాలము అని గడులు గీసితిని. అడుగున ఆమె పేరు వ్రాసి, బీపీ అని యొక గడి వేఱుగా గీసితిని. ఉగాదికి ఇల్లు వెల్లవేయించినపుడు గోడనుండి ఆ కాగితము చినిగిపోయినదట. ఇంకొకటి వ్రాయించుకొనుటకు మరల వచ్చెను. పాతదానిని నాచేతికిచ్చినది. ఆయన గడులన్నిటిలోను గుర్తులుండెను. ఆమె గడిలో నొక్కటి యుండెను.